బంకులో ఊరికే ఇచ్చిన పటం

ఆ కట్టె కాస్త ఎగదొయ్యరా చిన్నోడా, మంట నిలబడుతుంది. ఇదిగో, ఈ కాయితం చూడు. మెల్లిగా పట్టుకో, మడతల దగ్గర పిగిలిపోతోంది.

నేను డెట్రాయిట్‌లో దిగింది 1971లో. పాత కారొకటి కొని బంకుకెళితే (మీరు గ్యాస్ స్టేషనంటారుగా, అదే) కుర్రాడొచ్చి పెట్రోలు పోసి, అద్దం తుడిచి, ఈ పటం చేతిలో పెట్టాడు. ఎంత అన్నాను. ఊరికే అన్నాడు. మన బుద్ధి తెలుసుగా, ఇంకోటి అడిగా. అదీ ఇచ్చాడు!

అట్ట మీద నారింజరంగు బిళ్ల ఉంది చూశావా? గల్ఫ్ పెట్రోలు కంపెనీ వాళ్లది. 1913 డిసెంబరులో పిట్స్‌బర్గ్‌లో, బామ్ బులవార్డ్ మీద, కారు లోపలికి తోలుకొచ్చి పోయించుకునే బంకు పెట్టారు. మొదటిరోజు అమ్మింది 30 గ్యాలన్లేనట. చుట్టుపక్కల రోడ్లన్నీ పటంగా అచ్చేయించి కార్లున్నవాళ్లకి పంపారు. దారి తెలిస్తే జనం తిరుగుతారు, తిరిగితే పెట్రోలు కొంటారు. ఆ తర్వాత ఎస్సో, టెక్సకో, షెల్, అందరిదీ అదే బాట. అట్ట మీద పేరు కంపెనీది. లోపల గీసేవాళ్లు మాత్రం ర్యాండ్ మెక్‌నల్లీ, గౌషా, జనరల్ డ్రాఫ్టింగ్ లాంటి వాళ్లు.

ఎస్సోకి గీసే ఆ జనరల్ డ్రాఫ్టింగ్ వాళ్ల గడుసుదనం విను. 1930ల్లో న్యూయార్క్ రాష్ట్రం పటంలో ఆగ్లో అని లేని ఊరొకటి పెట్టారు, తమ పేర్లలోని అక్షరాలు కలగలిపి. ఎవడైనా కాపీ కొడితే పట్టుకుందామని. కొన్నేళ్లకి ర్యాండ్ మెక్‌నల్లీ పటంలో ఆగ్లో కనపడింది. దొరికాడురా దొంగ అనుకుంటే, తీరా ఆ చోట నిజంగానే ఓ కొట్టుంది. బోర్డు మీద ‘ఆగ్లో జనరల్ స్టోర్’! కొట్టు పెట్టినాయన ఎస్సో పటం చూసే ఆ పేరు పెట్టుకున్నాడట.

1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. బంకుల ముందు బారులే బారులు. అమ్మడానికి సరుకే లేనివాడు పటాలేం పంచుతాడు? తర్వాత్తర్వాత డబ్బులిచ్చి కొనుక్కోమన్నారు.

1977లో పిట్స్‌బర్గ్ పక్కన పెన్ హిల్స్‌లో వెంకన్న గుడి కుంభాభిషేకమైతే కారులో బయల్దేరాం. కొత్త పటం కొనడానికి నాకు చెయ్యి రాలేదు. ఈ పాతదే మీ మామ్మ ఒళ్లో పరిచా. గుడికి టర్న్‌పైక్ రహదారి మీద మన్రోవిల్ దగ్గర దిగాలి. మామ్మ ఓ చేత్తో పులిహోర, ఓ చేత్తో పటం. “ఇంకా రాలేదండీ” అంటూనే ఉంది. వస్తే కదా! ఊరి పేరు ఆవిడ బొటనవేలి కింద ఉంది. పది మైళ్లవతల ఇర్విన్ దాకా పోయి వెనక్కొచ్చాం. ఇదిగో, ఆ పసుపు మరక ఇప్పటికీ మన్రోవిల్ మీదే ఉంది.

సరే, ఇక మడిచెయ్యి. అలా కాదురా, ముందు నిలువు మడతలు... అబ్బే, ఇలా తే. మీ మామ్మ పోయాక ఈ ఇంట్లో దీన్ని తిన్నగా మడిచినవాళ్లు లేరు.