శుద్ధి ప్రణాళిక మారినప్పుడు: తుక్కు యార్డుల కలుషిత నేలపై కొడవలూరు నుంచి ఒక పరిశీలన

కలుషిత నేలను శుద్ధి చేయడానికి వేసిన ప్రణాళిక కాగితం మీద ఉన్నంతసేపే చక్కగా ఉంటుంది. పొక్లెయిను మొదటి బకెట్టు మట్టి ఎత్తగానే లెక్కలు తారుమారవుతాయి. అడుగు లోతు మట్టి తీస్తే చాలనుకున్న చోట ఆరడుగుల దాకా నూనె వాసన కొడుతుంది. సీసం ఉంటుందనుకున్న మూలలో ఏమీ ఉండదు, ఎవరూ అనుమానించని ప్రహరీ పక్కన బయటపడుతుంది. ఇందులో ఇంజనీర్ల తప్పు పెద్దగా లేదు. నాలుగు చోట్ల బోరు వేసి తీసిన నమూనాలు ఆ నాలుగు చోట్ల సంగతే చెబుతాయి, మధ్యలో ఏముందన్నది ఊహే. కాబట్టి ప్రణాళిక మారడం మామూలు విషయం. ఎవరు మార్చారు, అందులో ఏ భాగం మార్చారు, ఎవరికి చెప్పి మార్చారు అన్నవే అసలు ప్రశ్నలు.

శుద్ధి ప్రణాళికలో రెండు వేర్వేరు నిర్ణయాలు కలిసి ఉంటాయి. నేలను ఎలా శుభ్రం చేయాలన్నది ఒకటి, ఎంతవరకు శుభ్రం చేయాలన్నది మరొకటి. మట్టిని తవ్వి తరలించాలా, అక్కడే సిమెంటు కలిపి గట్టిపరచాలా, పైన మూత వేయాలా అన్న పద్ధతుల్ని పనిలో ఎదురైన పరిస్థితిని బట్టి సాంకేతిక నిపుణులు మార్చుకోవచ్చు. కిలో మట్టిలో ఎన్ని మిల్లీగ్రాముల విషం మిగిలినా సరే అనుకోవాలన్న లక్ష్యం అలాంటిది కాదు. ఆ నేల పక్కన బతికేవాళ్లను అడగకుండా దాన్ని మార్చడం సరికాదన్నది ఈ వ్యాసంలో నేను చేస్తున్న వాదన. మన దేశంలో ఈ రెండు మార్పులూ ఒకే ఫైలులో, ఒకే సంతకంతో జరిగిపోయే ప్రమాదం ఉంది.

ఈ పరిశీలనకు కొడవలూరును ఎంచుకోవడానికి కారణం అక్కడి నేల, నీరు. అక్కడ కలుషిత యార్డు ఉందని నేను ఆరోపించడం లేదు. నెల్లూరుకు ఉత్తరాన, పదహారో నంబరు జాతీయ రహదారి మీద, విజయవాడ–గూడూరు రైలు మార్గం పక్కన ఉన్న మండలం ఇది. తూర్పున విడవలూరు మండలం దాటితే సముద్రమే. సంగం దగ్గర పెన్నకు కట్టిన ఆనకట్ట, కనిగిరి రిజర్వాయరు, వాటి కాలువలు ఈ డెల్టాకు వరి పండించి పెడుతున్నాయి. తీరం వైపు రొయ్యల గుంటలున్నాయి. ఇదే మండలంలోని రాచర్లపాడు దగ్గర ఇఫ్కో కిసాన్ ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చింది. హైవే, రైలు, పరిశ్రమ ఒకచోట కలిస్తే పాత ఇనుప సామాన్ల వ్యాపారం వెంటే వస్తుంది. అలాంటి నేల మీద యార్డు వెలిసి, ఇరవై ఏళ్ల తర్వాత దాన్ని శుభ్రం చేయాల్సి వస్తే ఏమవుతుందన్నది ఊరికే వేసుకున్న ప్రశ్న కాదు.

తుక్కు యార్డు కాలుష్యం రసాయన కర్మాగారం కాలుష్యం లాంటిది కాదు. కర్మాగారంలో ఏ రసాయనం వాడారో రికార్డుల్లో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. యార్డులోకి ఏం వచ్చిందో యజమానికే పూర్తిగా తెలియదు. పాత బ్యాటరీలు పగలగొట్టిన చోట సీసం, ఆమ్లం నేలకు చేరతాయి. రాగి కోసం కేబుళ్లు కాల్చిన చోట బూడిదలో డయాక్సిన్లు, ఫ్యూరాన్లు ఉండవచ్చు. లోహం కోసినప్పుడు రాలిన పొట్టుతో పాటు కటింగ్ ఆయిల్ నేలలోకి దిగుతుంది. అన్నిటికంటే మొండిది పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనె. వాటిలో కొన్నిటిలో పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ (పీసీబీలు) ఉంటాయి. ఇలాంటి మొండి విషాలను అరికట్టే 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందాన్ని భారత్ 2006లో ఆమోదించింది. పీసీబీలున్న పరికరాల వాడకాన్ని 2025 డిసెంబరు 31తో ఆపాలని 2016లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. వాడకం ఆపిన పరికరం ఎక్కడికో ఒకచోటికి వెళ్లాలి కదా! లెక్కలో లేని పాత ట్రాన్స్‌ఫార్మర్ చివరికి చేరేది తుక్కు కొట్టుకే. పొలాల్లో రాగి తీగ కోసం ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి నూనె గట్టు మీద పారబోసే దొంగతనాలు మన జిల్లాల రైతులకు కొత్తేమీ కాదు.

యార్డులోకి ఏమేం వస్తుందో తెలియకపోవడం ఎంత దూరం పోతుందో 2010లో ఢిల్లీ మాయాపురిలో తేలింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగం చాలా ఏళ్లుగా వాడని గామా ఇర్రేడియేటరును ఆ ఏడాది వేలంలో అమ్మేసింది. తుక్కు వ్యాపారులు దాన్ని విప్పారు. లోపల రేడియోధార్మిక కోబాల్ట్-60 ఉంది. ఒక కార్మికుడు చనిపోయాడు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. అణుశక్తి నియంత్రణ మండలి నిపుణులు మొదట ఒక కొట్టులో కోబాల్ట్ ముక్కలు పట్టుకున్నారు. వెతికేకొద్దీ మరికొన్ని చోట్ల దొరికాయి. ఒక ముక్క ఒకాయన పర్సులో తేలింది. వెతకాల్సిన పరిధి రోజురోజుకూ పెరిగింది, ప్రణాళిక దాని వెంట పరుగెత్తింది. ఇక్కడ మారింది పరిధి, పద్ధతి మాత్రమే. ప్రజలకు హాని లేని స్థాయికి రేడియేషన్ తగ్గించాలన్న లక్ష్యాన్ని ఎవరూ సడలించలేదు. ఇలాంటి మార్పుతో పేచీ లేదు.

లక్ష్యమే మారిన ఉదంతం కొడైకెనాల్‌ది. న్యూయార్క్ రాష్ట్రం వాటర్‌టౌన్‌లో నడిచిన థర్మామీటర్ల కర్మాగారాన్ని ఛీజ్‌బ్రో-పాండ్స్ సంస్థ 1980ల మొదట్లో ఈ కొండ ఊరికి తరలించింది. 1987లో యూనిలీవర్ ఆ సంస్థను కొన్నాక, కాలక్రమంలో కర్మాగారం హిందుస్థాన్ లీవర్ చేతికొచ్చింది. 2001 మార్చిలో ఊళ్లోని ఒక తుక్కు కొట్టులో పాదరసం అంటిన గాజు పెంకులు టన్నుల కొద్దీ ఉన్నట్టు స్థానికులు, పర్యావరణ కార్యకర్తలు బయటపెట్టారు. కర్మాగారం మూతపడింది. 2003లో ఆ గాజు తుక్కును, దాని కింద మట్టిని, మిగతా పాదరస వ్యర్థాలను కలిపి సుమారు 290 టన్నులు ఓడలో అమెరికాకు పంపి శుద్ధి చేయించారు. తుక్కు కొట్టు సంగతి రెండేళ్లలో తేలిపోయింది. కర్మాగారం ఆవరణలోని మట్టి మాత్రం పదిహేనేళ్లకు పైగా అలాగే ఉండిపోయింది. ఆలస్యానికి కారణాల్లో పెద్దది ఒక అంకె.

మొదట అనుకున్న లక్ష్యం కిలో మట్టికి 10 మిల్లీగ్రాముల పాదరసం. దీనికి డచ్చి ప్రమాణం ఆధారం. తర్వాత ఆ స్థలానికే ప్రత్యేకంగా ప్రమాద అంచనా వేసి, నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) సిఫార్సుల మీద 20 మిల్లీగ్రాములకు ఖరారు చేశారు. కర్మాగారం కంపెనీ వాదన కొట్టిపారేయదగింది కాదు. కొండ వాలు మీద మరీ కఠినమైన లక్ష్యం పెడితే చెట్లు కొట్టాలి, మట్టి లోతుగా తీయాలి, వానకు కోత పెరిగి ఉన్న పాదరసం పక్కనున్న పాంబార్ షోలా అడవిలోకే దిగవచ్చు. వ్యతిరేకుల వాదనా బలమైనదే. ఇంగ్లండులో ఇళ్ల స్థలాలకు కోరే శుభ్రతతో పోలిస్తే ఇది ఇరవై రెట్లు సడలింపని, ఒకే సంస్థ రెండు దేశాల్లో రెండు కొలతలు ఎందుకు పాటించాలని వాళ్లు అడిగారు. 591 మంది మాజీ కార్మికులతో 2016లో ఒప్పందం కుదిరింది కానీ, మట్టి అంకె మీద తగాదా హరిత ట్రిబ్యునల్ దాకా నడిచింది.

ఆ 20 సరైన అంకెనా కాదా అన్నది విషశాస్త్ర నిపుణుల పని. నాకు కనిపించే లోపం అంకె మారిన క్రమంలో ఉంది. ముందు నిపుణుల గదిలో లక్ష్యం మారింది, ఊరికి ఆ తర్వాత తెలిసింది. ఊరు తన మాట వినిపించడానికి కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది, 2015లో ఒక ర్యాప్ వీడియో ఇంటర్నెట్‌లో మారుమోగాల్సి వచ్చింది. మొదటే పిలిచి, డచ్చి కొలత ఎందుకు వదులుతున్నామో, చెట్లు ఎన్ని పోతాయో, ఏ మూల ఎంత మిగులుతుందో పటం పరిచి చూపించి ఉంటే అదే అంకెకు ఊరు ఒప్పుకునే అవకాశమూ ఉండేది.

‘స్థలానికి ప్రత్యేకమైన లక్ష్యం’ అన్న మాట వెనక కొన్ని ఊహలుంటాయి. ఆ నేల మీద రేపు ఇళ్లు వస్తాయా, గోదాము వస్తుందా? పిల్లలు ఆడతారా? ఆ నీటిలో పెరిగిన చేపను ఎవరైనా తింటారా? జవాబు మారితే అంకె మారుతుంది. స్థలం పారిశ్రామిక వినియోగానిదని రాస్తే లక్ష్యం సడలుతుంది, ఖర్చు తగ్గుతుంది. కొడవలూరు లాంటి చోట ఈ ఊహ నిలబడదు. యార్డు ప్రహరీకి అవతల వరి మడి, దాని పక్కన పంట కాలువ, కాలువ చివర రొయ్యల గుంట. జిల్లాలో వానలో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడుతుంది. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది. అంతటి నీరు యార్డు హద్దు ఎక్కడుందో చూసి ఆగుతుందా? తీరానికి దగ్గరి ఇసుక నేలల్లో భూగర్భ జలం లోతుగా ఉండదు. కాబట్టి యార్డు వినియోగాన్ని బట్టి కాకుండా, దాని నీరు చేరే చివరి వాడకాన్ని బట్టి లక్ష్యం కట్టాలి.

ఇంకో చిక్కు అంకెల అయోమయంలో ఉంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం, నమూనాను నిర్ణీత పద్ధతిలో ఊరబెట్టి తీసిన నీటిలో సీసం లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే అది ప్రమాదకర వ్యర్థం. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము. రెంటి మధ్య ఐదు వందల రెట్ల తేడా. మొదటిది వ్యర్థాన్ని ఏ లారీలో, ఏ గుంతకు పంపాలో తేల్చడానికి పెట్టిన గీత. ‘ప్రమాదకర వ్యర్థం కోవలోకి రాదు’ అన్న పరీక్ష నివేదికను చూపి ‘నేల శుభ్రమైంది’ అనడం పొరపాటు. మార్పుల ఫైళ్లలో ఇలాంటి ఒక గీత మరో గీత స్థానంలోకి జారుకోవడం చాలా తేలిక.

తెలుగు నేల మీద పాత పారిశ్రామికవాడల అనుభవం ఈ చర్చకు మరో కోణం ఇస్తుంది. హైదరాబాద్ కాటేదాన్‌లో బ్యాటరీ, లోహపు పూత, సీసం తీసే యూనిట్ల మధ్య మట్టిలో సీసం, క్రోమియం, నికెల్ వంటి లోహాలు పేరుకున్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల అధ్యయనం 2008లో తెలిపింది. 2010లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన పారిశ్రామిక కాలుష్య నిర్వహణ ప్రాజెక్టులో ఆంధ్రప్రదేశ్ తరఫున ఎంచుకున్న స్థలాల్లో కాటేదాన్‌లోని నూర్ మహమ్మద్ కుంట, కడప చెత్త డంపింగ్ యార్డు ఉన్నాయి. ప్రాజెక్టు నడుస్తుండగా 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. కుంట తెలంగాణకు, కడప ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఒకే కాలుష్య నియంత్రణ మండలి వేసిన ప్రణాళికను ఇద్దరు వారసులు పంచుకున్నారు. ప్రణాళికలు విజ్ఞానం వల్లే మారవు, పాలన మారినా మారతాయి. అప్పుడు పాత హామీ ఎవరిదన్నది రాతపూర్వకంగా లేకపోతే కుంట గట్టున ఉన్నవాళ్లు ఎవరిని అడగాలి?

అమెరికా ఈ సమస్యకు ఒక విధానం ఏర్పరచుకుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని లవ్ కెనాల్ విష వ్యర్థాల ఉదంతం తర్వాత 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. దాని కింద శుద్ధి నిర్ణయం ఖరారైన తర్వాత మార్పు వస్తే అది మూడింటిలో ఏ రకమో తేల్చాలి. చిల్లర మార్పయితే ఫైలులో నమోదు చేస్తే చాలు. పరిధిలోనో ఖర్చులోనో చెప్పుకోదగ్గ తేడా వస్తే కారణాలతో వివరణ పత్రం విడుదల చేసి స్థానిక పత్రికలో ప్రకటన ఇవ్వాలి. పరిష్కారం మూలస్వరూపమే మారితే మళ్లీ ప్రతిపాదన ముందుపెట్టి, కనీసం 30 రోజులు ప్రజాభిప్రాయం తీసుకుని, సభకు అవకాశం ఇచ్చి, నిర్ణయాన్ని సవరించాలి. స్థలంలో విషం మిగిలితే ఐదేళ్లకోసారి సమీక్ష తప్పనిసరి. పెద్ద మార్పును మధ్యరకంగా చూపించే ప్రయత్నాలకు ఈ విధానంలోనూ చోటుంది, దీన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఏ మార్పు ఏ గడపలో ఆగాలో ముందే రాసిపెట్టడం మాత్రం మనం నేర్చుకోదగ్గది.

మన దగ్గర 2025 జులైలో కేంద్ర పర్యావరణ శాఖ కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు నోటిఫై చేసింది. జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానిత స్థలాల జాబితా ఇవ్వాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి, మరో మూడు నెలల్లో వివరమైన సర్వేతో తేల్చాలి. నిపుణ సంస్థ శుద్ధి ప్రణాళిక ఇస్తుంది, కాలుష్యానికి బాధ్యులు ఖర్చు భరించాలి. రేడియోధార్మిక వ్యర్థాలు, గనులు, చెత్త డంపింగ్ యార్డుల ఘన వ్యర్థాలు ఈ నిబంధనల కిందికి రావు. దేశంలో గుర్తించిన స్థలాలు 103, పని మొదలైనవి ఏడు అని నోటిఫికేషన్ నాటి వార్తలు చెప్పాయి. గుర్తింపు దశకు గడువులున్నాయి, శుద్ధి పూర్తికావడానికి గడువు లేదన్న విమర్శ అప్పుడే వచ్చింది. గడువు లేని పనిలో మార్పులు మరింత సులువుగా దూరతాయి. రాజస్థాన్‌లోని బిఛ్‌రీ కేసులో సుప్రీంకోర్టు 1996లోనే కాలుష్యకారుడే ఖర్చు భరించాలని తీర్పిచ్చింది. 37.385 కోట్ల రూపాయలు చక్రవడ్డీతో కట్టమని 2011లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. పదిహేనేళ్లు నేల అలాగే ఉంది.

నెల్లూరు జిల్లా యంత్రాంగానికి, రాష్ట్ర మండలికి నా విజ్ఞప్తి ఇది. యార్డుల అనుమానిత జాబితా తయారుచేసేటప్పుడే, ఇంకా ఏ తగాదా రాకముందే, చుట్టుపక్కల బోర్ల నీటిని, పంట కాలువ మట్టిని పరీక్షించి ఆ అంకెలను పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టండి. శుద్ధి మొదలయ్యాక పద్ధతి మారితే ఇంజనీరు సంతకం చాలు, అదీ కారణం రాసి. లక్ష్యం అంకె మారితే మాత్రం పాత అంకె, కొత్త అంకె, మార్చమని అడిగింది ఎవరు, దానివల్ల మిగిలే ఖర్చెంత అన్న నాలుగు సంగతులూ తెలుగులో రాసి, గ్రామసభలో చదివి వినిపించి, అభ్యంతరాలు రాసుకున్న తర్వాతే ఆమోదించండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. కలెక్టరు ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది.