నార్వే వారి ‘దూ’, మన ఊరి ‘నాను’

నార్వీజియన్ భాష నేర్చుకోబోయే వారి చేతికి మొదట వచ్చేది సర్వనామాల పట్టిక. యాయ్ అంటే నేను, దూ అంటే నువ్వు, హన్ అతడు, హున్ ఆమె, వీ మనం, దేరె మీరంతా, దీ వాళ్ళు. వస్తువులకు దెన్, దే అని రెండున్నాయి. నామవాచకపు లింగాన్ని బట్టి ఏదో ఒకటి ఎంచుకోవాలి. తెలుగువానికి ఈ పట్టికలో రెండు వెలితులు కనిపిస్తాయి. ‘వీ’ అన్నప్పుడు ఎదుటివాడు మనతో లెక్కా, కాదా? పెద్దవారిని కూడా ‘దూ’ అనే అనాలా?

మొదటిది ఆ భాషకు పట్టదు. మనము, మేము అనే భేదం ద్రావిడ భాషలలో చాలావాటికి ఉన్న పాత సొత్తు. రెండవదానికి మాత్రం చరిత్ర ఉంది. ‘వాళ్ళు’ అనే అర్థమిచ్చే ‘దీ’నే పెద్దక్షరంతో వ్రాసి, ఎదుటివారిని గౌరవించడానికి వాడేవారు. జర్మన్ల నుండి డేనుల ద్వారా వచ్చిన మర్యాద అది. 1970ల నాటికి నిత్యవ్యవహారం నుండి దాదాపు తొలగిపోయింది. ఇప్పుడు ఆచార్యుణ్ణయినా ‘దూ’ అనే అంటారు. మన ‘తమరు’ కూడా ఇటువంటిదే. ‘తాము’ అన్న మాటను ఎదుటివాని మీదికి మళ్ళించాం. కాని మనం దేనినీ వదులుకోలేదు. అమ్మను నువ్వంటాం, పాలేరునూ నువ్వంటాం. రెంటికీ ఒకే మాట గాని ఒకే మనసు కాదు.

నేను ఈ పట్టికను ఇంత దూరం లాగడానికి కారణం వేరే ఉంది. మన సర్వనామాలను ఒకప్పుడు ఇలాగే పట్టికలో పెట్టినవాడు ఒక నార్వే దేశస్థుడు. పేరు స్టెన్ కోనోవ్ (1867–1948). గ్రియర్సన్ సంపాదకత్వంలో వెలువడిన భారత భాషా పరిశీలనలో ముండా, ద్రావిడ భాషల సంపుటం, అంటే నాలుగవది, ఆయన చేతి పని. అది 1906లో కలకత్తాలో అచ్చయింది. స్వీడన్‌తో బంధం తెగి నార్వే స్వతంత్రమైన మరుసటి ఏడు! ఏకవచనంలో స్త్రీని వస్తువులతో, బహువచనంలో పురుషులతో చేర్చే మన పద్ధతి (బండి వచ్చింది, ఆవిడ వచ్చింది; కాని వాళ్ళు వచ్చారు) హన్, హున్ అని విడదీసే భాషలో పెరిగినవానికి వింతగానే ఉండి ఉండాలి.

ఆ సంపుటంలో ఎలమంచిలి లేదు. ఎలమంచిలే కాదు, అసలు తెలుగుదేశమే లేదనాలి. పరిశీలన మద్రాసు రాజధానికీ, నిజాం రాజ్యానికీ విస్తరించలేదు. అందువల్ల కోమ్టావు, సాలేవారి, వడరి, కామాఠి వంటి పేర్లతో వెలుపలి ప్రాంతాలలో మాట్లాడే తెలుగులే అందులో మాండలికాలుగా నిలిచాయి. ఇంటివాణ్ణి వదిలి వలసపోయిన చుట్టాలను అడిగి వంశవృక్షం వ్రాసినట్లయింది. తప్పు కోనోవ్‌ది కాదు, ఆయనకు అప్పగించిన ఎల్లలవి.

ఆ లోటు కొంత తీర్చిన పుస్తకం వ్యాకరణం కాదు, నాటకం. సర్వసిద్ధి తాలూకాకు ఎలమంచిలి కేంద్రంగా ఉండేది. ఆ సర్వసిద్ధి రాయవరంలోనే 1862లో గురజాడ అప్పారావు పుట్టారు. 1897లో ఒకసారి, 1909లో బాగా పెంచి మరొకసారి అచ్చు వేసిన కన్యాశుల్కంలో ఎవరు ఎవరిని నువ్వంటారో, మీరంటారో, తమరంటారో వరుసగా గుర్తు పెట్టుకుంటూ చదివి చూడండి. వెంకటేశం గిరీశాన్ని మీరంటాడు, గిరీశం వాణ్ణి నువ్వంటాడు. ఏ పట్టికా చూపని కొలతలు అందులో దొరుకుతాయి.

అయినా అది ఎక్కువగా అగ్రహారాల, పట్నవాసుల నోటి తెలుగు. మా పల్లెల్లో వినబడేది ‘నాను’. ‘నానొస్తాను’, ‘ఆడెల్లిపోనాడు’, ‘ఆల్లొచ్చేరు’. నాకు, నాది అన్న రూపాలలోని ‘నా’తో పోల్చి చూస్తే తీరుగా ఉన్నది ‘నాను’, తేడాగా ఉన్నది ‘నేను’. కన్నడిగులు నాను అంటారు, తమిళులు నాన్ అంటారు, వారిని ఎవరూ మోటవారనరు. నేను చదువుకున్న బడిలో మాత్రం ‘నాను’ అన్న పిల్లవాడు బెంచీ ఎక్కవలసిందే. ఆ పిల్లవాడికి అది ఉచ్చారణ దోషం కాదు. తన గురించి తాను చెప్పుకొనే మొదటి మాటే తప్పని వినడం.

నార్వేలో ఈ తగవు మరో విధంగా తేలింది. 1814 వరకు డెన్మార్కు ఏలుబడిలో ఉన్న ఆ దేశానికి డేనుల వ్రాతభాష మిగిలింది. ఐవార్ ఆసెన్ అనే రైతుబిడ్డ 1842 నుండి కొన్నేళ్ళు ఊళ్ళు తిరిగి పల్లెమాటలు పోగుచేసి, 1848లో వ్యాకరణం, 1850లో నిఘంటువు ప్రకటించాడు. 1885లో అక్కడి శాసనసభ పల్లెపలుకుల మీద కట్టిన ఆ భాషకు రెండవదానితో సమాన హోదా ఇచ్చింది. అందుకే ఈనాటికీ నార్వీజియన్‌లో ‘నేను’కు యాయ్ అనీ, ఏగ్ అనీ రెండు వ్రాతరూపాలు ఉన్నాయి. రెండూ బడిలో ఒప్పే.

మనకు గిడుగు, గురజాడలు శిష్టుల వాడుకను పుస్తకాలకెక్కించారు. ‘నాను’ రావిశాస్త్రి సారా కథల వంటి వాటిలోకి వచ్చింది. వచ్చినా సంభాషణల కొటేషన్ల లోపలే వచ్చింది. కథ చెప్పే గొంతు ‘నేను’ అనే అంటుంది. ఎలమంచిలి 2022లో విశాఖ జిల్లా నుండి అనకాపల్లి జిల్లాకు మారింది. బస్టాండులో పల్లె బస్సు కోసం చూసే ముసలమ్మ మాత్రం ‘నానిక్కడే ఉంతాను, నువ్వెల్లు బాబూ’ అనే అంటోంది.