కుక్కల దొంగతనం: బ్రిటన్ చట్టాలు, పార్లమెంటు పరిశీలన

పెంపుడు కుక్కను ఎత్తుకుపోవడం మామూలు దొంగతనమా, లేక విడిగా గుర్తించాల్సిన నేరమా అన్న ప్రశ్న బ్రిటన్ పార్లమెంటు ముందుకు 180 ఏళ్లుగా వస్తూనే ఉంది. లండన్‌లో పెరిగిన కుక్కల దొంగతనాలపై 1844లో కామన్స్ సభ సెలెక్ట్ కమిటీ విచారించింది. 2024లో ఇంగ్లండు, ఉత్తర ఐర్లండులకు పెంపుడు జంతువుల అపహరణ చట్టం వచ్చింది. స్కాట్లండుది వేరే దారి.

ఇంగ్లండు పాత కామన్ లా (కోర్టు తీర్పులతో రూపుదిద్దుకున్న చట్టం) ప్రకారం కుక్క హీన స్వభావం గల జంతువు. అది కూరకు గానీ సేద్యానికి గానీ పనికిరాదు, సరదాకు పెంచుకునేది. కాబట్టి ఎవరైనా పట్టుకుపోతే దొంగతనం కింద లెక్కకు రాదు. గొర్రెను దొంగిలించినవాడికి ఉరిశిక్ష పడిన కాలంలో కూడా పరిస్థితి ఇదే. కుక్క మెడలోని పట్టెడ మాత్రం ఆస్తి, దాన్ని కాజేస్తే దొంగతనమే. 1770 నాటి చట్టం జరిమానాలు విధించినా ముఠాలు వెనక్కి తగ్గలేదు. కుక్కను మాయం చేయడం, ఇంటికి కబురు పంపడం, డబ్బు గుంజుకుని తిరిగివ్వడం వాళ్లకు నిలకడైన వ్యాపారమైంది. కవయిత్రి ఎలిజబెత్ బారెట్ స్పానియల్ కుక్క ‘ఫ్లష్’ను మూడుసార్లు ఎత్తుకుపోయారు. 1846లో మూడోసారి పోయినప్పుడు, డబ్బివ్వడమంటే దొంగలను పోషించడమేనని ఆమెకు కాబోయే భర్త రాబర్ట్ బ్రౌనింగ్ వాదించినా, ఆమె ఆరు గినీలు కట్టి విడిపించుకున్నారు. ఇద్దరి మాటా సబబైనదే. ఆ చిక్కుముడిని ఏ చట్టమూ ఇప్పటికీ పూర్తిగా విప్పలేదు. కమిటీ విచారణ తర్వాత 1845లో వచ్చిన చట్టం కుక్క దొంగతనాన్నే కాదు, దొంగిలించిన కుక్కను తిరిగి ఇప్పించడానికి అక్రమంగా డబ్బు తీసుకోవడాన్ని కూడా నేరం చేసింది.

1968 నాటి దొంగతనాల చట్టంతో కుక్క మిగతా ఆస్తులతో పాటు ఒక వస్తువైంది. దాని కింద ఇప్పుడున్న గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. చూడటానికి పెద్ద శిక్షే. అయితే ఇంగ్లండులో శిక్ష ఖరారు చేసే మార్గదర్శకాల్లో నష్టం లెక్క పోయిన సొత్తు విలువతో మొదలవుతుంది. యజమాని పడిన మనోవేదనను లెక్కలోకి తీసుకునే వీలున్నా, ముందు వచ్చేది ధరే. వేలకు వేలు పోసి కొన్న జాతి కుక్కకు ధర ఉంటుంది. పన్నెండేళ్లుగా మంచం పక్కన పడుకున్న ముసలి కుక్కకు బజారులో ఏ ధరా రాదు. ప్రత్యేక నేరం కావాలని కోరినవారి వాదనకు మూలం ఇదే, అది న్యాయమైన వాదన. 2018లోనూ 2020లోనూ ప్రజల విజ్ఞాపనల మీద పార్లమెంటులో చర్చ జరిగినా, ఉన్న చట్టం చాలునన్నదే ప్రభుత్వ వైఖరి.

కోవిడ్ లాక్‌డౌన్ ఆ వైఖరిని మార్చింది. ఇళ్లకే పరిమితమైన జనం కుక్కపిల్లల కోసం ఎగబడ్డారు, ధరలు పెరిగాయి, దొంగల కన్ను వాటి మీద పడింది. 2021 మేలో ప్రభుత్వం ఒక టాస్క్‌ఫోర్స్‌ను నియమించింది. 2020లో పోలీసులకు దాదాపు 2,000 కుక్కల దొంగతనాలపై ఫిర్యాదులు అందాయని, అపహరణను విడి నేరం చేయాలని సెప్టెంబరులో అది నివేదిక ఇచ్చింది. ఆ నేరాన్ని పెంపుడు జంతువుల సంక్షేమ బిల్లులో చేర్చే ప్రయత్నం జరిగింది గానీ, 2023 మేలో ప్రభుత్వం ఆ బిల్లునే వదిలేసింది. చివరకు ఎంపీ ఆనా ఫర్త్ ప్రైవేటు మెంబరు బిల్లుగా తెచ్చారు. అది కామన్స్ సభ బిల్లు కమిటీనీ లార్డ్స్ సభనూ దాటి, 2024 మే 24న రాజామోదం పొంది, ఆగస్టు 24 నుంచి అమలులోకి వచ్చింది.

ఈ చట్టం ప్రకారం కుక్కను న్యాయబద్ధంగా చూసుకుంటున్న మనిషి అధీనం నుంచి తీసుకుపోవడం, లేదా ఆ మనిషికి చేరకుండా ఆపి ఉంచడం నేరం. శాశ్వతంగా కాజేసే ఉద్దేశం ఉందని రుజువు చేయనక్కర్లేదు. 1968 చట్టంలో ఆ రుజువు తప్పనిసరి. గరిష్ఠ శిక్ష ఐదేళ్లు, అంటే అంకెలో దొంగతనం కన్నా తక్కువే. జంతు హింసకు 2021 నుంచి ఉన్న గరిష్ఠ శిక్షా ఇంతే. ఒకే ఇంట్లో ఉండి విడిపోయినవారి మధ్య కుక్క ఎవరిదన్న తగవు ఈ నేరం కిందికి రాదు. పిల్లులకు వేరే సెక్షన్ ఉంది. ఇతర పెంపుడు జంతువులను తర్వాత చేర్చే వీలూ కల్పించారు.

స్కాట్లండులో దొంగతనం నేటికీ కామన్ లా నేరమే. అక్కడి పార్లమెంటు సభ్యుడు మారిస్ గోల్డెన్ ప్రతిపాదించిన కుక్కల దొంగతనం బిల్లును గ్రామీణ వ్యవహారాలు, దీవుల కమిటీ పరిశీలనకు తీసుకుంది. ఐదేళ్ల దాకా జైలు, అంధులకూ వికలాంగులకూ తోడుండే సహాయక కుక్కను దొంగిలిస్తే తీవ్రత పెంచడం, అమలుపై ఏటా నివేదిక అందులోని ముఖ్యాంశాలు. ఉన్న చట్టం కింద పట్టుకోగలిగిన దొంగకు కొత్త పేరు పెట్టినంత మాత్రాన పోలీసుల పని మారుతుందా అన్నది ఇలాంటి బిల్లులన్నిటికీ ఎదురయ్యే గట్టి ప్రశ్న.

ఇక మన దేశానికి వస్తే, భారత శిక్షాస్మృతి 1860లోనే కుక్కను దొంగతనానికి ఉదాహరణగా చూపింది: జేబులో ఎర పెట్టుకుని ఒకడు ఇతరుల కుక్కను వెంట రప్పించుకుంటే, అది వాడి వెనక నడవడం మొదలైన క్షణానే దొంగతనం జరిగినట్టు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లోనూ ఆ ఉదాహరణ ఉంది, మూడేళ్ల దాకా జైలూ ఉంది. తెలుగు రాష్ట్రాలకూ ఇదే చట్టం. సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి దోషిగా తేలినవాడు దాన్ని తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవతో సరి. వీధిలో దొరికిన కుక్కపిల్లను తెచ్చి పెంచుకున్న ఇంటివాళ్లు కేసు పెట్టినా, ముందు తేలాల్సింది దాని ధరే.