జీలుగు కల్లుకు పన్ను కట్టిన కాలం



ఆనందపురం దాటి విశాఖ వెళితే ‘క్రాఫ్ట్ బీరు’ గ్లాసు వందల రూపాయలు. కొద్దిగా, స్థానికంగా చేసిందన్నదే దాని ఆకర్షణ. మన కొండల్లో జీలుగు కల్లు కూడా అలాంటిదే. పెళ్ళికీ పండగకీ అందరూ పంచుకునేవారు. దానికి ధర కట్టేవారు కాదు.

బ్రిటిషు పాలనలో ఆబ్కారీ నిబంధనలు ఇంటి అవసరానికి కల్లు గీయడాన్ని కూడా అడ్డుకున్నాయి. గీత హక్కు గుత్తేదార్ల పాలైంది. గోదావరి మన్యంలోని రంపలో మన్సబుదారు చిగురుపన్ను పిండాడు. పోలీసుల, వ్యాపారుల దోపిడీ తోడైంది. 1879లో రంప తిరగబడింది. ఆ మంట విశాఖ జిల్లా గొలుగొండ కొండలకూ పాకింది. నాయకుల్లో ఒకరైన ద్వారబంధాల చంద్రయ్య 1880లో హతుడయ్యాడు.

తాగమని చెప్పడం లేదు. మన చెట్టు మీద హక్కు ఎవరిది, ధర నిర్ణయించేది ఎవరు? ఆ ప్రశ్న కోసమే మన పెద్దలు ప్రాణాలిచ్చారు. అది మరవకండి.