మౌర్య సామ్రాజ్యం: పాలనా యంత్రాంగం

అశోకుడి శాసనాలు కాందహార్ నుంచి కర్ణాటకలోని బ్రహ్మగిరి దాకా దొరికాయి. ఆయన పట్టాభిషేకం క్రీ.పూ. 269లోనని కొందరు, 268లోనని కొందరు అంటారు. ఇంత దేశాన్ని రాజధాని పాటలీపుత్రం ఎలా ఏలిందంటే పాఠ్యపుస్తకాలు అర్థశాస్త్రాన్ని చూపిస్తాయి. కానీ ఆ గ్రంథపు నేటి రూపం మౌర్యుల తర్వాతిదని చాలామంది పండితుల అభిప్రాయం. గ్రీకు రాయబారి మెగస్తనీసు ‘ఇండికా’ మూలమూ మిగల్లేదు. రాజధానిని అయిదుగురేసి సభ్యుల ఆరు సంఘాలు నడిపేవన్న అందులోని సంగతి తర్వాతి గ్రీకు రచయిత స్ట్రాబో చెబితే తెలిసిందే. రాతిమీది మాటకే ఎక్కువ విలువ ఇవ్వక తప్పదు.

తక్షశిల, ఉజ్జయిని, తోసలి, సువర్ణగిరి ప్రాంతీయ కేంద్రాలు. వీటిలో రాజకుమారులు ఉండేవారు. సువర్ణగిరి ఎక్కడన్నది తేలలేదు. కర్నూలు జిల్లా జొన్నగిరి అని ఒక వాదం, మస్కి దగ్గరి కనకగిరి అని మరొకటి.

ఉత్తర్వు ఎలా కిందికి దిగేదో బ్రహ్మగిరి శాసనంలో కనిపిస్తుంది. సువర్ణగిరిలోని ఆర్యపుత్రుడు (రాజకుమారుడు), మహామాత్రులు (ఉన్నతాధికారులు) ముందుగా ఇసిల పట్టణపు మహామాత్రుల క్షేమం కోరి, ఆ తర్వాతే రాజాజ్ఞ వినిపిస్తారు. చివర చపడుడనే లేఖకుడి పేరుంది. శాసనమంతా బ్రాహ్మీలో ఉండగా, తాను లేఖకుణ్నని చెప్పే మాటను మాత్రం వాయవ్య ప్రాంతపు ఖరోష్ఠిలో చెక్కాడు. బహుశా అటునుంచి వచ్చిన ఉద్యోగి.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద ఇంకో మెట్టు దొరుకుతుంది. రాజు రజ్జుకుడనే జనపద అధికారిని ఆదేశిస్తాడు. రజ్జుకుడు భేరి మోగించి జానపదులకు, రాష్ట్రికులకు చాటాలి. ఏనుగు మావటులు, కరణాలు, బ్రాహ్మణ గురువులు తమ శిష్యులకు నేర్పాలి. కళింగలోని ధౌళి, జౌగడ ఉత్తర్వులనైతే పుష్యమి నక్షత్రం రోజుల్లో చదివి వినిపించాలన్నారు. చదువురాని జనానికి శాసనం చెవిన పడేది ఇలాగే.

నిఘా పర్యటనల మీద సాగింది. యుక్తులు, రజ్జుకులు, ప్రాదేశికులు అనే అధికారులు అయిదేళ్లకోసారి తిరగాలి. తోసలి అధికారులు అకారణంగా ఎవరినీ బంధించకుండా, హింసించకుండా చూసేందుకు అయిదేళ్లకోసారి ఒక మహామాత్రుణ్ని పంపుతానని రాజు చెప్పాడు. ఉజ్జయిని, తక్షశిలల నుంచి మూడేళ్లు మించకుండా పంపాలి. పట్టాభిషేకమైన 26వ ఏట రజ్జుకులకు తీర్పులో, శిక్షలో స్వేచ్ఛ ఇస్తూనే, మరణశిక్ష పడ్డవారికి మూడు రోజుల గడువు పెట్టాడు.

అందరికీ ఒకే భాష రుద్దలేదు: కాందహార్‌లో గ్రీకు, అరమాయిక్; మిగతాచోట్ల ఎక్కువగా ప్రాకృతం. అధికారులూ ఒకే జాతివారు కారు: జునాగఢ్‌లోని తర్వాతి రాజు రుద్రదాముడి శాసనం ప్రకారం అశోకుడి కాలంలో సుదర్శన తటాకానికి కాలువలు తీయించినవాడు యవనరాజు తుషాస్పుడు. పేరు ఇరానీది. ఆంధ్రులు, పులిందులు రాజ్యంలోనివారేనని 13వ శిలాశాసనం చెబుతుంది. అదే శాసనంలో అడవి తెగలకు బుజ్జగింపూ, బెదిరింపూ రెండూ ఉన్నాయి.

పన్నుల సంగతి శాసనాల్లో చాలా తక్కువ. లుంబిని స్తంభం ఆ ఊరికి ‘బలి’ పన్ను మాఫీ చేసి, పంటలో ఎనిమిదో వంతు చాలందని సాధారణంగా అర్థం చెబుతారు. సోహ్‌గౌరా రాగిరేకు, మహాస్థాన్ రాతిపలక ధాన్యాగారాల ప్రస్తావన చేస్తాయి. అవి మౌర్యులవేనన్నది లిపిని బట్టి వేసిన అంచనా.