కాసులపేరు

మా యింట నొక కాసులపేరు గలదు. తొమ్మిది కాసులు, నడుమ పగడములు. మా మామ్మ మెడనుండి మా తల్లి మెడకును, ఆమె గతించిన పిదప నినుపపెట్టెకును వచ్చినది. 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట పని మొదలైనపుడు, మా తాతగారి తాతకు కాటను దొర స్వయముగా నిచ్చిన కాసులని మావారి ప్రతీతి. బడిపిల్లలకు నేనును ఈ కథ గొప్పగా చెప్పినవాడనే.

పంపకముల వేళ తమ్ములు దానిని కరగింపజూచిరి. తూనికకు ముందొకసారి చదివెదనంటిని. బంగారమును చదువుటేమని వారు నవ్విరి.

శ్రోతలారా, సవరను కాసును త్రిప్పిచూడుడు. గుఱ్ఱమెక్కిన వీరుడు ఘటసర్పమును చంపుచుండును. ఆ బొమ్మ క్రింద సంవత్సరము, దానిపై నేలగీతనంటి యొక చిన్న యక్షరము. 'ఎం' యనగా మెల్బోర్ను టంకశాల. మా కాసులలో ఐదింట నదియే గలదు. ఆ టంకశాల తెఱచినది 1872లో; ఆనకట్ట ముగిసినది 1852లో! దొరగారి కథ యక్కడనే తెగినది.

తొమ్మిదవ కాసుపై 1918, 'ఐ' యను నక్షరము. మా మనుమడు "తాతగారూ, మన యూరిపేరే!" యని కేకవేసెను. మన పోలవరపు 'ఐ' ఐలెండు, అనగా లంక. కాసుమీది 'ఐ' ఇండియా. మొదటి ప్రపంచయుద్ధమున ఓడలలో బంగారము నడుపుట కష్టమై, లండను టంకశాల శాఖను 1918లో బొంబాయిలో తెఱచి, మఱుసటియేడే మూసిరి. అచ్చటి సవరనులు ఆ యొక్క సంవత్సరపువే.

నాణెముమీది సంవత్సరము దాని పుట్టుకను తెలుపునుగాని, మన గడప ద్రొక్కిన దినమును తెలుపదు. ఆ లోటు మామ్మ మాటయే తీర్చినది. ఆమె కాసులను ఒకటి, రెండని లెక్కింపదు. "మొదటి యోడ, రెండవ యోడ" యనెడిది. పిల్లలము ఏదో పాటయనుకొంటిమి.

మా తాతగారు కాకినాడ రేవున నోడయెక్కి రంగము పోయి, బియ్యపుమిల్లులో బస్తాలు మోసిరి. గోదావరి మండలమునుండి నాడు వేలాదిమంది యట్లే పోయిరి. 1899 శాసనము చొప్పున సవరను 15 రూపాయలకు చెల్లెడిది. వచ్చిన ప్రతిసారియు నొక కాసు తెచ్చిరి కాబోలు. కూలిమాట చెప్పుకొన నామోషియై, తరువాతివారు దొరను తెచ్చి నిలిపిరి. ఆ తరువాతివారిలో నేనును నొకడను.

ఇదంతయు విని పెద్దతమ్ముడు చాలసేపు మాటాడక, కాసులను వ్రేళ్లతో లెక్కించెను, మామ్మవలెనే. కంసాలిని రేపు రమ్మని పంపితిమి. ఎనిమిది నెలలైనది.