ప్రభుత్వ పాఠశాలల నిర్వహణ: ఇటీవలి విద్యా చట్ట మార్పులు

భారతదేశంలో ప్రభుత్వ, స్థానిక సంస్థల బడులు నడిచే తీరుకు ప్రధాన ఆధారం 2009 నాటి బాలల ఉచిత, నిర్బంధ విద్యా హక్కు చట్టం. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన 21-ఎ అధికరణం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల చదువును ప్రాథమిక హక్కు చేసింది. ఆ హక్కుకు రూపమిచ్చిన ఈ చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. పార్లమెంటు దీన్ని 2012, 2017, 2019లలో సవరించింది. 2024 డిసెంబరులో కేంద్రం నిబంధనలను మార్చింది. 2025లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులు బడి పాలనను నేరుగా తాకాయి. దివ్యాంగుల హక్కులు, పిల్లలపై లైంగిక నేరాల నిరోధం (పోక్సో), జనన నమోదు, డేటా రక్షణ చట్టాలు కూడా హెడ్మాస్టరు బల్ల మీదికే వచ్చి చేరాయి.

ఈ మార్పులన్నిటిలో ఒక ధోరణి కనిపిస్తుంది. మొదట్లో చట్టం ‘ప్రభుత్వం’ మీద, ‘స్థానిక సంస్థ’ మీద ఉంచిన బాధ్యత క్రమంగా ప్రధానోపాధ్యాయుడి హోదా మీదికి మారుతోంది. జాబితా ఎవరు ఉంచాలి, ఫిర్యాదు ఎవరు చేయాలి, బదిలీ పత్రం (టీసీ) ఆలస్యమైతే ఎవరు జవాబు చెప్పాలి అన్న ప్రశ్నలకు ఇప్పుడు ఒకే జవాబు ఉంది. ఆ బరువుకు తగినంతగా గుమస్తాలు, ప్రత్యేక ఉపాధ్యాయులు, కౌన్సెలర్లు బడులకు అందలేదు. కాబట్టి ఈ నిబంధనలు తెలిసి ఉండటం పిల్లలకు ఎంత రక్షణో, బడి నడిపేవారికీ అంతే రక్షణ.

డిటెన్షన్: 2019 సవరణ, 2024 నిబంధన

ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ పిల్లవాణ్నీ అదే తరగతిలో ఆపకూడదని, బడి నుంచి తీసేయకూడదని మూల చట్టంలోని 16వ సెక్షన్ చెప్పింది. పరీక్ష తప్పిన పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, కూలి కుటుంబాల పిల్లలు మళ్లీ బడి ముఖం చూడటం లేదన్న అనుభవమే దీనికి మూలం. ఆపకపోవడంతో పాటు నిరంతర సమగ్ర మూల్యాంకనం జరగాలని చట్టం కోరింది. చాలా బడుల్లో అది మార్కులు రిజిస్టర్లలో నింపే పనిగా మిగిలింది. చదవడం రాకుండానే పిల్లలు పై తరగతులకు వెళ్తున్నారన్న విమర్శ పెరిగి, చివరికి 2019లో పార్లమెంటు ఆ సెక్షన్‌ను మార్చింది. ఆ ఏడాది మార్చి 1న సవరణ అమల్లోకి వచ్చింది.

దీని ప్రకారం 5, 8 తరగతులకు ఏడాది చివర రెగ్యులర్ పరీక్ష ఉంటుంది. తప్పిన పిల్లలకు అదనపు బోధన ఇచ్చి, ఫలితాలు వెలువడిన రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టాలి. అప్పుడూ తప్పితే ఆపవచ్చా లేదా అన్నది సంబంధిత ప్రభుత్వ నిర్ణయం. తీసేయకూడదన్న నిషేధం మాత్రం చెక్కుచెదరలేదు. పిల్లవాణ్ని తరగతిలో ఆపే అధికారం వచ్చినా, బడి బయటికి పంపే అధికారం ఎవరికీ రాలేదు. ఈ తేడాను తల్లిదండ్రులకు విడమరిచి చెప్పాల్సిన అవసరం ఉంది. ‘ఫెయిలయ్యాడు, ఇక పనికి పంపండి’ అన్న మాట బడి నుంచి వస్తే అది చట్ట విరుద్ధం.

2024 డిసెంబరులో కేంద్రం చేర్చిన కొత్త నిబంధన పాఠశాల అధిపతికి పని అప్పగించింది. ఆపిన పిల్లల జాబితాను పాఠశాల అధిపతి నిర్వహించాలి, వారికి అందుతున్న ప్రత్యేక బోధననూ వారి ప్రగతినీ స్వయంగా పర్యవేక్షించాలి. క్లాస్ టీచరు పిల్లలతో పాటు అవసరమైతే తల్లిదండ్రులకూ మార్గదర్శనం చేయాలి. పరీక్ష బట్టీని కాక సామర్థ్యాన్ని కొలవాలి. అందువల్ల ‘లెక్కల్లో 28 మార్కులు’ అని రాసిన జాబితా ఈ నిబంధనకు సరిపోదు. ఒక పిల్లవాడు పాఠం చదువుతూ ఒత్తుల దగ్గర ఆగిపోతున్నాడా, ఇంకొక పాప పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకునే తీసివేతలో తడబడుతోందా అన్నది అందులో ఉండాలి. రెండు నెలల తర్వాత ఆ లోటు తీరిందో లేదో కూడా రాయాలి. అలా రాసిన జాబితా వల్లే పిల్లవాడికి మేలు.

ఈ నిబంధన కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ, సైనిక్ స్కూళ్ల వంటి కేంద్ర బడులకు వర్తిస్తుంది. రాష్ట్రాల బడుల విషయంలో ఆ రాష్ట్రాలదే నిర్ణయం. అప్పటికి 16 రాష్ట్రాలు, 2 కేంద్రపాలిత ప్రాంతాలు ఆపకుండా పంపే విధానాన్ని విడిచిపెట్టాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అందులో లేవు. రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా పరిషత్, మండల పరిషత్ బడుల హెడ్మాస్టర్లు తమ ప్రభుత్వ ఉత్తర్వు లేకుండా, కేంద్ర నిబంధనను చూసి ఎవరినీ ఆపకూడదు.

అడ్మిషన్లు, టీసీలు, ధ్రువపత్రాలు

ఇక్కడ విద్యా హక్కు చట్టంలోని పాత సెక్షన్లే ఎక్కువ, కానీ ఉల్లంఘన కూడా ఇక్కడే ఎక్కువ. బెంగళూరు పనులకు వెళ్లిన అనంతపురం జిల్లా కుటుంబం ఒకటి ఆగస్టులో తిరిగొచ్చిందనుకుందాం. పదేళ్ల పాప చేతిలో రికార్డు షీట్ లేదు, పుట్టిన తేదీ పత్రం లేదు. 15వ సెక్షన్ ప్రకారం గడువు దాటిందని అడ్మిషన్ నిరాకరించరాదు. 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదన్నది కారణం కాదు. 5వ సెక్షన్ ప్రకారం టీసీ రాలేదన్నదీ కారణం కాదు. టీసీ ఇవ్వడంలో జాప్యం చేసిన పాత బడి హెడ్మాస్టరుపై సర్వీసు నిబంధనల కింద క్రమశిక్షణ చర్యకు అదే సెక్షన్ వీలు కల్పిస్తుంది. 4వ సెక్షన్ ప్రకారం పాపను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చి, తోటివారిని అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పద్నాలుగేళ్లు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఆ హక్కు కొనసాగుతుంది.

ఆధార్ సంగతి 2018 సెప్టెంబరు 26 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో తేలింది. బడి అడ్మిషన్‌కు ఆధార్ తప్పనిసరి కాదు.

జనన మరణాల నమోదు చట్టానికి 2023లో వచ్చిన సవరణను మాత్రం జాగ్రత్తగా చదవాలి. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన వారికి విద్యాసంస్థలో చేరడం సహా పలు అవసరాలకు పుట్టిన తేదీ, చోటు రుజువు చేసేది జనన ధ్రువపత్రమే. ఆ పిల్లలు ఇప్పుడు అంగన్‌వాడీ వయసుకు వస్తున్నారు. పత్రం లేదని ఒకటో తరగతి తలుపు మూయడానికి విద్యా హక్కు చట్టం ఒప్పుకోదు. అందువల్ల ముందుగా చేర్చుకోవడం, ఆపైన ఆలస్య నమోదు ద్వారా పత్రం తెచ్చుకునేలా కుటుంబానికి దారి చూపడం సరైన పద్ధతి.

టెట్ తీర్పు

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు స్టాఫ్ రూములను కుదిపేసింది. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు బోధించే ఉపాధ్యాయుల్లో విద్యా హక్కు చట్టానికి ముందు చేరినవారు కూడా ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్)లో ఉత్తీర్ణులు కావాలని, అందుకు రెండేళ్ల గడువని కోర్టు చెప్పింది. పదవీ విరమణకు అయిదేళ్లకన్నా తక్కువ సర్వీసు ఉన్నవారికి మినహాయింపు ఉంది, అయితే ప్రమోషన్ కావాలంటే వారికీ టెట్ తప్పదు. గడువులోగా పాస్ కానివారికి నిర్బంధ పదవీ విరమణ ఉంటుంది, రావాల్సిన ప్రయోజనాలు నియమాల ప్రకారం అందుతాయి. మైనారిటీ సంస్థలకు చట్టం వర్తిస్తుందా అన్న ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి పంపారు.

విరమణ వయసు ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61. కాబట్టి తీర్పు నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 57, తెలంగాణలో 56 ఏళ్లు దాటినవారు మినహాయింపు పరిధిలోకి వస్తారు. సర్వీసు రిజిస్టర్లోని పుట్టిన తేదీని బట్టి ఈ లెక్క ముందే వేసి ఉంచడం మంచిది. పాతికేళ్లు పాఠం చెప్పినవారిని పరీక్షకు కూర్చోబెట్టడం కష్టమైన విషయమే. చదువుకోవడానికి వారికి వేళ దొరికేలా టైంటేబుల్ సర్దడం హెడ్మాస్టరు చేయగలిగిన సాయం.

బోధనేతర పనుల గురించి కూడా ఒక మాట. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే పనికీ ఉపాధ్యాయులను పంపరాదని విద్యా హక్కు చట్టంలోని 27వ సెక్షన్ చెబుతుంది. 2027 జనగణన ఈ మినహాయింపులోకే వస్తుంది.

ప్రత్యేక అవసరాల పిల్లలు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. చదవడం, రాయడంలో ప్రత్యేక ఇబ్బంది కూడా ఆ జాబితాలో ఉంది. 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి ఉచిత విద్య 6 నుంచి 18 ఏళ్ల వరకు హక్కు. పొరుగు బడిలో చదవాలా, ప్రత్యేక పాఠశాలలో చదవాలా అన్నది కుటుంబం ఇష్టం. తీవ్ర వైకల్యమున్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే వీలు విద్యా హక్కు చట్టానికి 2012లో జరిగిన సవరణతోనే వచ్చింది. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఆ పోస్టులను గుర్తించి ప్రకటించాలని 2025 మార్చిలో రాష్ట్రాలను ఆదేశించింది. తెలుగు రాష్ట్రాల్లో మండల స్థాయి భవిత కేంద్రాలే ఈ పిల్లలకు దగ్గరి ఆసరా. బడుల వివరాల నమోదు వ్యవస్థ యూడైస్‌లో వారి వివరాలు సరిగా నమోదు కాకపోతే పోస్టుల లెక్కలో ఆ పిల్లలు కనిపించరు.

భద్రత

విద్యా హక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధిస్తుంది. బెత్తం ఒక్కటే కాదు, అందరి ముందు అవమానించడమూ ఇందులోకి వస్తుంది.

పోక్సో చట్టంలో సందేహానికి తావులేదు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం ఉన్నా 19వ సెక్షన్ కింద పోలీసులకు చెప్పి తీరాలి. ముందు ‘విచారించుకుందాం’ అనడం, గ్రామ పెద్దల దగ్గర రాజీ కుదర్చడం, పై అధికారి జవాబు కోసం ఎదురుచూడటం చట్టం ఒప్పుకోదు. తన కింద పనిచేసేవారి నేరాన్ని తెలిసీ దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు, జరిమానా ఉంటాయి. పిల్లల పేరు గానీ, వారెవరో తెలిపే మరే వివరం గానీ బయటికి పొక్కకూడదు. 2020 నిబంధనల ప్రకారం బోధన, బోధనేతర, కాంట్రాక్టు సిబ్బంది అందరికీ ఎప్పటికప్పుడు పోలీసు తనిఖీ జరగాలి. వాచ్‌మన్‌కూ ఇది వర్తిస్తుంది.

విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలన్నిటికీ మానసిక ఆరోగ్య మార్గదర్శకాలు జారీ చేసింది. చట్టం వచ్చేదాకా అవే అమల్లో ఉంటాయి. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న చోట కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. అంతకన్నా చిన్న బడులు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి, హెల్ప్‌లైన్ నంబర్లు కనిపించేలా రాయాలి.

పిల్లల వివరాలు

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని అందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి డేటా వాడటానికి తల్లి లేదా తండ్రి ధ్రువపరచదగిన సమ్మతి కావాలంటుంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమలవుతాయి. బోధన అవసరాలకూ పిల్లల భద్రతకూ చేసే పర్యవేక్షణ విషయంలో విద్యాసంస్థలకు మినహాయింపు ఉంది. ఆ అవసరం దాటిన పనికి ఈ మినహాయింపు వర్తించదు. కులం, ఆధార్ నంబరు, ఫోన్ నంబరు ఉన్న నామినల్ రోల్ ఫొటోను వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటును గడువు రాకముందే మానుకోవాలి. అపార్ అనే విద్యార్థి గుర్తింపు నంబరుకు తల్లిదండ్రుల సమ్మతి పత్రం తీసుకోవాలి. ఇష్టం లేదన్నవారి పిల్లల అడ్మిషన్‌కు, పరీక్షకు, మధ్యాహ్న భోజనానికి ఆ కారణంగా అడ్డు చెప్పరాదు.